డిబేట్ మర్నాటి ఫోన్లు

న్యూహాంప్‌షైర్‌లో మేముండే నాషువా పేరు అమెరికా రాజకీయ చరిత్రలోకి ఎక్కింది ఒక్క రాత్రి వల్ల. 1980 ఫిబ్రవరి 23, శనివారం. ఇక్కడి హైస్కూలు జిమ్‌లో జనం కిక్కిరిసి ఉన్నారు. అధ్యక్ష పదవికి రిపబ్లికన్ అభ్యర్థి ఎవరో తేల్చే ప్రైమరీ ఇంకో మూడు రోజుల్లో ఉంది. నెల క్రితం అయోవాలో పెద్ద బుష్ రొనాల్డ్ రీగన్‌ని రెండు పాయింట్ల తేడాతో ఓడించాడు. నాషువా టెలిగ్రాఫ్ అనే పత్రిక ఈ ఇద్దరికి మాత్రమే డిబేట్ పెడతానంది. మిగతావాళ్లు ఊరుకుంటారా? ఇద్దరికే వేదిక ఇస్తే పత్రిక వాళ్లకి చందా ఇచ్చినట్టేనని ఎన్నికల కమిషన్ తేల్చింది. దాంతో ఖర్చు రీగన్ శిబిరం నెత్తిన వేసుకుంది. వేసుకుని, చివరి నిమిషంలో మిగతా అభ్యర్థులనూ పిలిపించింది.

అలా వచ్చిన నలుగురు బాబ్ డోల్, హోవర్డ్ బేకర్, జాన్ ఆండర్సన్, ఫిల్ క్రేన్. కూర్చోడానికి కుర్చీల్లేక వేదిక మీద వెనకాల నిలబడ్డారు. బుష్ ఎటూ చూడకుండా బిగుసుకుని కూర్చున్నాడు. రీగన్ వాళ్ల తరఫున మాట్లాడబోతే, చర్చ నడిపిస్తున్న ఎడిటర్ జాన్ బ్రీన్ ఆయన మైకు ఆపెయ్యమన్నాడు. రీగన్ మైకు చేతిలోకి తీసుకుని, దీనికి డబ్బు కడుతున్నది నేను, అని గర్జించాడు. ఆ ఊపులో బ్రీన్‌ని ‘గ్రీన్’ అన్నాడు కానీ ఎవరికి పట్టింది? జిమ్ దద్దరిల్లింది. మంగళవారం ఓట్లు లెక్కపెడితే రీగన్‌కి 50 శాతం, బుష్‌కి 23.

ఆ ఒక్క మాటే రీగన్‌ని అధ్యక్షుణ్ని చేసిందని మా ఊరి పాతవాళ్లు చెబుతారు. వినడానికి బాగుంటుంది. నేను పూర్తిగా నమ్మను. అయోవాలో రీగన్ డిబేట్‌కే వెళ్లలేదు, ఓడాడు. ఆ దెబ్బకి బుద్ధి తెచ్చుకుని మా రాష్ట్రంలో వారాల తరబడి ఊరూరా తిరిగాడు. నాషువాకి మూడు రోజుల ముందు, 20న, మాంచెస్టర్‌లో ఏడుగురూ పాల్గొన్న డిబేట్ ఒకటి జరిగింది. ఆయన సొంత సర్వేలు చేసే రిచర్డ్ వర్త్‌లిన్ లెక్కల్లో రీగన్ అప్పటికే ముందుకొచ్చేశాడు. మా జిమ్ ఆ తేడాని పెంచి ఉంటుంది. ఎంత పెంచిందో చెప్పడం కష్టం. మాంచెస్టర్ డిబేట్‌లో గుర్తుపెట్టుకోదగ్గ అరుపేమీ లేదు గనక దాని గురించి ఎవరూ చెప్పుకోరు, అంతే.

నాకీ అనుమానం పుస్తకాలు చదివి రాలేదు. గ్రీన్‌కార్డు వచ్చాక నేను చేసిన మొదటి ఉద్యోగం ఓ సర్వే కంపెనీలో ఫోన్లు చెయ్యడం. సాయంత్రం 5 నుంచి 9 దాకా. పిల్లల్ని మా ఆయనకి అప్పగించి, పెరుగన్నం డబ్బా పట్టుకుని వెళ్లేదాన్ని. తలకి హెడ్‌సెట్, ఎదురుగా తెర, తెర మీద చదవాల్సిన వాక్యాలు. సొంతమాట ఒక్కటి కలపకూడదు. ఫోన్ ఎత్తగానే అడిగేది, మీ ఇంట్లో పెద్దవాళ్లలో అందరికంటే ఈమధ్య పుట్టినరోజు ఎవరికి అయిందో వాళ్లతో మాట్లాడవచ్చా అని. చాలామంది ఇది కేకుల కంపెనీ అనుకునేవారు. ఫోన్ ఎత్తినవాళ్లనే అడుగుతూ పోతే ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్లే లెక్కలోకి వస్తారు గనక ఆ ఏర్పాటు. అభ్యర్థుల పేర్లు ఒక్కో ఫోన్‌కి ఒక్కో వరసలో వచ్చేవి, ముందు చదివిన పేరుకి లాభం కలగకుండా. 400 మందిని అడిగితే వచ్చిన అంకె అటూ ఇటూ 5 పాయింట్లు జరగొచ్చు. 1,000 మందిని అడిగితే 3. ఈ సంగతి రిపోర్టు అడుగున ఉంటుంది. టీవీలో చదివేది పైన ఉన్న అంకె.

డిబేట్ మర్నాడు ఆ గదిలో సందడి వేరు. మామూలు రోజుల్లో టక్కున పెట్టేసేవాళ్లు కూడా ఆగి మాట్లాడేవాళ్లు. అందులోనూ రాత్రి ఇరగదీశాడని పేరొచ్చిన అభ్యర్థి మనుషులు మనం అడక్కుండానే చెప్పేవాళ్లు. తడబడ్డవాడి మనుషులకి సరిగ్గా ఆ సాయంత్రమే పొయ్యి మీద కూర మాడేది. వాళ్లు మనసు మార్చుకున్నారని కాదు, ఆ పూట ఆ పేరు నోటితో చెప్పబుద్ధి కాలేదు. మా తెర మీద మాత్రం ఒకడు 3 పాయింట్లు లేచినట్టు, ఇంకొకడు 3 దిగినట్టు కనబడేది. వారం తిరిగేసరికి ఆ కూరలు మాడటం ఆగిపోయి అంకెలు మళ్లీ మొదటికొచ్చేవి.

ఇంకో సంగతి గమనించాను. డిబేట్ చూశారా అని అడిగితే, “చూడలేదు గానీ...” అని అందుకునేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత చెప్పేది పొద్దున్న టీవీలో తిప్పి తిప్పి వేసిన ముక్కే అయ్యేది. రెండు గంటల చర్చలో అర నిమిషం. తెనాలి నుంచి మా నాన్న ఫోన్ చేసి “రాత్రి ఎవరు గెలిచారే?” అనేవారు. “ఇంకో రెండు రోజులు ఆగితే తెలుస్తుంది నాన్నా” అనేదాన్ని. “అదేంటే, నిన్ననే అయిపోయిందన్నావుగా!” అని ఆయన ఆశ్చర్యం.

ఆయనకి ప్రైమరీ అంటే ఏమిటో బోధపరచడానికే నాకు చాలా కాలం పట్టింది. మన దగ్గర టికెట్ సంగతి అధిష్ఠానం చూసుకుంటుంది. బి-ఫారం చేతిలో పడేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు. ఇక్కడ ఆ బి-ఫారం ఎవరికివ్వాలో రాష్ట్రం వెనక రాష్ట్రంగా ఓటర్లు తేలుస్తారు. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో చాలామందికి పార్టీ పేరే చాలు, డిబేట్లు వాళ్లని పెద్దగా కదపలేవు. ప్రైమరీలో అందరూ ఒకే పార్టీ వాళ్లు. సగంమంది పేర్లు కూడా జనానికి కొత్త. ఇష్టమైనవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు గనక ఒకరి నుంచి ఇంకొకరికి మారడం పెద్ద పనేం కాదు. పైగా మా రాష్ట్రంలో దాదాపు 40 శాతం ఓటర్లు ఏ పార్టీ కిందా నమోదు కానివాళ్లు. పోలింగ్ రోజున వచ్చి ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది తీసుకోవచ్చు. అందుకే ప్రైమరీ అంకెలకి అంత చలనం.

ఈ డిబేట్ల తతంగం రేడియోతో మొదలైంది. 1948 మే 17న ఆరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఒక రేడియో స్టూడియోలో న్యూయార్క్ గవర్నరు థామస్ డ్యూయీ, మిన్నెసోటా మాజీ గవర్నరు హెరాల్డ్ స్టాసెన్ ఎదురెదురుగా కూర్చున్నారు. ఎదురుగా చప్పట్లు కొట్టే జనం లేరు. ప్రశ్న ఒక్కటే: కమ్యూనిస్టు పార్టీని చట్టం చేసి నిషేధించాలా వద్దా. విస్కాన్సిన్, నెబ్రాస్కా గెలిచి మంచి ఊపు మీదున్న స్టాసెన్ నిషేధించాలన్నాడు. ఒకప్పుడు గూండా ముఠాల్ని జైలుకి పంపిన ప్రాసిక్యూటరు డ్యూయీ వద్దన్నాడు. ఉన్న చట్టాలు చాలు, నిషేధిస్తే అజ్ఞాతంలోకి పోయి బలపడతారు అని వాదించాడు. ఆ రోజుల్లో చప్పట్లు పడే పక్షం స్టాసెన్‌ది. అయినా దేశమంతా వింటుండగా డ్యూయీ కోర్టులో సాక్షిని అడిగినట్టు అడిగి ఆయన్ని ఇరుకున పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ఆరెగాన్‌లో డ్యూయీకి 52 శాతం, స్టాసెన్‌కి 48. అంతకుముందు వారాల్లో అక్కడ స్టాసెన్‌దే పైచేయి.

గెలుపు డిబేట్‌దేనని చరిత్రకారులు రాస్తారు. రాయనివ్వండి. కానీ డ్యూయీ ఆ డిబేట్‌కి ముందు మూడు వారాలు ఆరెగాన్ పల్లెలన్నీ బస్సులో చుట్టాడు. డబ్బు కూడా ధారాళంగా ఖర్చయింది. నాలుగు శాతం తేడాలో బస్సు వాటా ఎంత, మైకు వాటా ఎంత? ఆ నవంబరులోనే సర్వేలన్నీ డ్యూయీదే గెలుపన్నాయి, చివరికి ట్రూమన్ గెలిచాడు. గాలప్ సంస్థ పోలింగ్‌కి రోజుల ముందే అడగడం ఆపేసింది (అప్పట్లో ఫోన్లు కాదు, గడపలెక్కి అడగడం). చివరి రోజుల్లో మనసు మార్చుకున్నవాళ్లు లెక్కలోకి రాలేదు.

టీవీలో మొదటి ప్రైమరీ డిబేట్ 1956లో మయామీలో జరిగింది. అడ్లాయ్ స్టీవెన్సన్, ఎస్టెస్ కెఫావర్. ఇద్దరూ అన్ని విషయాల్లోనూ ఒకే మాట మీద ఉన్నారు గనక చెప్పుకోడానికేమీ లేదు.

చెప్పుకోవాల్సింది 1972 కాలిఫోర్నియా. డెమొక్రటిక్ పార్టీలో జార్జ్ మెక్‌గవర్న్, హ్యూబర్ట్ హంఫ్రీ పోటీ. ఇద్దరూ సెనేట్‌లో సహచరులు, పాత స్నేహితులు. పోలింగ్‌కి వారం ముందు ఫీల్డ్ పోల్ అనే సర్వే మెక్‌గవర్న్‌కి 20 పాయింట్ల ఆధిక్యం ఇచ్చింది. పోలింగ్‌కి ముందు రోజుల్లో మూడు డిబేట్లు. హంఫ్రీ స్నేహాన్ని పక్కనపెట్టి, సైన్యం ఖర్చుకి కోత ఏమిటి, మనిషికి 1,000 డాలర్ల పథకానికి డబ్బు ఎక్కణ్నించి తెస్తావు అని పట్టుబట్టాడు. మెక్‌గవర్న్ ఆ లెక్క సరిగ్గా చెప్పలేకపోయాడు. జూన్ 6న మెక్‌గవర్నే గెలిచాడు. తేడా మాత్రం సుమారు 5 పాయింట్లకి పడిపోయింది. డిబేట్ల వల్ల నిజంగా అంకె కదిలిన సందర్భం చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను. ఇందులో చమత్కారం లేదు, మైకు లాక్కోవడం లేదు. ఒక ప్రశ్నకి జవాబు లేకపోవడం ఉంది. అప్పుడు గెలిచినవాడికి దక్కింది అభ్యర్థిత్వం. హంఫ్రీ అడిగిన ప్రశ్నలు మాత్రం నిక్సన్‌కి నవంబరు దాకా పనికొచ్చాయి.

ఇక రిక్ పెరీ కథ. దీన్ని నేను ఎవరికైనా చెప్పేటప్పుడు ముందు తేదీలు చెబుతాను. టెక్సస్ గవర్నరు పెరీ 2011 ఆగస్టు 13న బరిలోకి దిగాడు. అదే నెలలో గాలప్ సర్వే చేస్తే పెరీకి 29 శాతం, మిట్ రామ్నీకి 17. పేరు తెలుసు, మనిషి తెలియదు. సెప్టెంబరులో వరసగా మూడు డిబేట్లు వచ్చాయి. పత్రాలు లేని వలసదారుల పిల్లలకి టెక్సస్ కాలేజీల్లో తక్కువ ఫీజు ఎందుకిచ్చావని అడిగితే, దాన్ని కాదనేవాళ్లకి గుండె లేదన్నట్టు మాట్లాడాడు. రిపబ్లికన్ ప్రైమరీ ఓటరుకి అది చెంపదెబ్బలా తగిలింది. అక్టోబరు మొదటి వారానికి గాలప్‌లో రామ్నీ 20, హెర్మన్ కేన్ 18, పెరీ 15. సగానికి సగం ఊడింది.

అందరికీ గుర్తున్నది ఇది కాదు. నవంబరు 9న మిషిగన్‌లో, అధ్యక్షుణ్నయితే మూడు శాఖలు ఎత్తేస్తానని మొదలుపెట్టి, మూడోదాని పేరు గుర్తురాక, దాదాపు నిమిషం తడుముకుని “ఊప్స్” అన్న పెరీ గుర్తున్నాడు. పెరీని ముంచింది అదేనని పదేళ్లుగా వింటున్నాను. నెల ముందే మునిగిన మనిషిని నవంబరులో ఎలా ముంచుతారు? ఇంతకీ ఆయన మర్చిపోయిన శాఖ ఇంధన శాఖ. 2017లో ట్రంప్ ఆయన్ని దానికే మంత్రిని చేశాడు.

పెరీ దిగిన ఆ 2011-12 పోటీలో రిపబ్లికన్ డిబేట్లు ఇరవై దాకా జరిగాయి. వారానికొకడు లేచేవాడు. జాన్ సైడ్స్, లిన్ వావ్రెక్ అనే ఇద్దరు రాజనీతి ఆచార్యులు ఆ ఎన్నిక మీద రాసిన పుస్తకంలో దీనికి మూడు దశలు చెప్పారు: మీడియా ఒకణ్ని కనిపెట్టడం, తర్వాత తవ్వి చూడటం, తర్వాత వాడు దిగిపోవడం. మా ఫోన్ గదిలో అందరికీ తెలిసిన సంగతే, మేం పుస్తకం రాయలేదు.

ఆ వరసలో న్యూట్ గింగ్రిచ్ మాత్రం ఒక రాష్ట్రం గెలిచేంత ఎత్తు లేచాడు. 2012 జనవరి 19న నార్త్ చార్ల్స్‌టన్‌లో మొదటి ప్రశ్నే మాజీ భార్య చేసిన ఆరోపణ గురించి వచ్చింది. గింగ్రిచ్ ప్రశ్న అడిగినవాడి మీద విరుచుకుపడ్డాడు, హాలు హాలంతా లేచి నిలబడింది. రెండు రోజుల్లో దక్షిణ కెరొలైనాలో 40-28తో రామ్నీని ఓడించాడు. తర్వాతి డిబేట్ ఫ్లోరిడాలోని టాంపాలో. అక్కడ చర్చ నడిపినాయన చప్పట్లు కొట్టొద్దని సభికులకి ముందే చెప్పాడు. చప్పట్లు లేని గింగ్రిచ్ చప్పబడిపోయాడు. మర్నాడు దాని మీద ఆయనే ఫిర్యాదు చేశాడు. ఫ్లోరిడాలో ప్రకటనల హోరు కూడా తోడై, రామ్నీ 46-32తో గెలిచాడు. వాదన అదే, మనిషి అదే, ఎదురుగా ఉన్నవాళ్ల చేతులు కదల్లేదు. టీవీ ముందు కూర్చున్నవాడికి ఏది పెద్ద దెబ్బో చెప్పేది ఆ చేతులే.

ఇంతవరకూ డిబేట్ అంకెల్ని కదిపిన కథ. 2015 నుంచి తిరగబడింది. ఆ ఆగస్టు 6న క్లీవ్‌లాండ్‌లో ఫాక్స్ వాళ్లు పెట్టిన డిబేట్‌కి రిపబ్లికన్ అభ్యర్థులు పదిహేడు మంది తేలారు. అంతమందికి వేదిక చాలదు గనక ఐదు జాతీయ సర్వేల సగటు తీసి మొదటి పదిమందినే రాత్రి డిబేట్‌కి తీసుకున్నారు. మిగిలిన ఏడుగురికి సాయంత్రం 5 గంటలకి ఖాళీ కుర్చీల ముందు. మన బాబీ జిందాల్ ఉన్నది అక్కడే. నాలుగేళ్ల క్రితం 29 శాతంతో అందరికంటే ముందున్న పెరీ ఉన్నదీ అక్కడే. రాత్రి డిబేట్‌ని 2.4 కోట్ల మంది చూశారు. పదో స్థానానికీ పదకొండో స్థానానికీ మధ్య తేడా ఒకటిన్నర పాయింటు కూడా లేదు. ఏ సర్వేలోనైనా పొరబడటానికి వీలున్న మేర అంతకంటే ఎక్కువ. ఫోన్ గదిలో కూర్చున్నవాళ్లెవరూ ఆ రెండు అంకెల్ని వేరు చెయ్యలేరు. అలాంటి అంకెతో ఒకడికి రెండు కోట్ల మందినీ, ఇంకొకడికి ఖాళీ కుర్చీల్నీ పంచారు.

సాయంత్రం బ్యాచ్‌లో కార్లీ ఫియోరీనా బాగా మాట్లాడింది. తర్వాతి నెల పెద్ద వేదిక ఎక్కింది, అక్కడా మెరిసింది. సీఎన్ఎన్ సర్వేలో 15 శాతంతో రెండో స్థానం. అక్టోబరుకి అదే సర్వేలో 4. 2019లో కమలా హారిస్‌దీ అదే దారి. జూన్ 27న మయామీలో, నల్లపిల్లల్ని వేరే బడులకి బస్సుల్లో పంపే పద్ధతి మీద బైడెన్‌ని నిలదీసి, ఆ బస్సెక్కిన పిల్ల నేనే అంది. నెల క్రితం 8 శాతం ఉన్న మనిషి సీఎన్ఎన్ సర్వేలో 17కి వెళ్లింది, బైడెన్ 22కి పడ్డాడు. ఆగస్టులో మళ్లీ అడిగితే హారిస్ 5, బైడెన్ 29. డిసెంబరు 3న, ఒక్క ఓటు పడకముందే, ఆమె తప్పుకుంది. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ జులైలో కనిపించిన ఉత్సాహం సర్వే చేసినా ఇదే గ్రాఫు వచ్చేది.

మరి కొట్టినవాడికి లాభం ఎప్పుడొస్తుంది? 2016 ఫిబ్రవరి 6న మాంచెస్టర్ సెయింట్ ఆన్సెల్మ్ కాలేజీలో క్రిస్ క్రిస్టీ మార్కో రూబియోని పట్టుకున్నాడు. నువ్వు బట్టీపట్టిన ముక్కలే వల్లిస్తావంటే, రూబియో జవాబుగా అదే ముక్క మళ్లీ చెప్పాడు. ఇంకోసారి కూడా చెప్పాడు. అయోవాలో 23 శాతంతో మూడోవాడిగా వచ్చి మా రాష్ట్రంలో పైకి పాకుతున్న రూబియో మూడు రోజుల్లో 11 శాతం కూడా లేకుండా ఐదో స్థానానికి జారాడు. క్రిస్టీ ఆరో స్థానం, 7 శాతం. మర్నాడే ఇంటిదారి పట్టాడు. కిందపడ్డ ఓట్లని పక్కనున్నవాళ్లు ఏరుకున్నారు. నాలుగేళ్ల తర్వాత అదే కాలేజీలో ఏమీ ధ్వంసం చెయ్యకుండా చక్కగా మాట్లాడిన ఏమీ క్లోబుషర్ నాలుగు రోజుల్లో 20 శాతం దగ్గరికి చేరి మూడో స్థానం దక్కించుకుంది. బైడెన్ ఆ డిబేట్ మొదట్లోనే ఇక్కడ దెబ్బ తినేలా ఉన్నానని ఒప్పేసుకుని ఐదో స్థానంలో వచ్చాడు. అభ్యర్థి అయింది ఆయనే. డిబేట్ ఊపు మూడు నాలుగు రోజులుంటుంది. ఆ మూడు నాలుగు రోజుల్లో పోలింగ్ పడితే ఓట్లవుతుంది, పడకపోతే ఆవిరవుతుంది. క్లోబుషర్‌కి తర్వాతి రాష్ట్రం నెవాడా పదకొండు రోజుల దూరంలో ఉంది.

2023 నాటికి వేదికెక్కడానికి సర్వేలో 1 శాతమూ, 40,000 మంది దాతలూ కావాలన్నారు. ఉత్తర డకోటా గవర్నరు డగ్ బర్గమ్ ఒక డాలరు చందా ఇచ్చినవాడికి 20 డాలర్ల గిఫ్ట్ కార్డు తిరిగిచ్చి దాతల్ని కూడబెట్టుకున్నాడు. మా పక్కింటాయన ఇంత లాభం స్టాక్ మార్కెట్‌లో కూడా లేదన్నాడు. ఇంతా చేసి అందరూ ఎక్కిన ఆ వేదికకి, సర్వేల్లో అందరికంటే ఎంతో ముందున్న ట్రంప్ రానేలేదు. ఒక్క డిబేట్‌కీ రాలేదు. 1980లో అయోవా డిబేట్ ఎగ్గొట్టిన రీగన్ అయోవా ఓడాడు. 2024లో అన్నీ ఎగ్గొట్టిన ట్రంప్ అయోవాలో 51 శాతం తెచ్చుకున్నాడు.

ఆ జనవరి 18న సెయింట్ ఆన్సెల్మ్‌లో మా రాష్ట్రపు డిబేట్ జరగాలి. ట్రంప్ రాకపోతే నేనూ రానని నిక్కీ హేలీ అంది. మిగిలింది రాన్ డిశాంటిస్ ఒక్కడే, ఒక్కడితో డిబేట్ ఎలా? ఛానెల్ వాళ్లు రద్దు చేశారు. అయినా హేలీ అంకె పైకే పోయింది. ఆ నెల 10న క్రిస్టీ మళ్లీ ఇంటిదారి పట్టాడు మరి, ఆయన మనుషులకి ఎక్కడో ఒకచోట చేరక తప్పలేదు. 21న డిశాంటిస్ కూడా తప్పుకున్నాడు. 23న పోలింగ్‌లో ట్రంప్‌కి 54, హేలీకి 43.